కింగ్ టైడ్ ఫొటో దేనికి రుజువు? ఫ్రీమాంట్ నుంచి వచ్చిన ప్రశ్నకు నా సమాధానం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీరు కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్‌లో ఉంటున్నారు. ఈ చలికాలం కింగ్ టైడ్, అంటే ఏడాదిలోకెల్లా పెద్ద పోటు, వచ్చే రోజున శాన్ ఫ్రాన్సిస్కో బే (సముద్రపు పాయ) ఒడ్డుకు వెళ్లి ఫొటోలు తీసి పంపమని మీ అమ్మాయికి బడిలో చెప్పారు. పోటు చంద్రుడి వల్ల వస్తుంది, అది అనాదిగా ఉన్నదే, మరి దాన్ని ఫొటో తీస్తే సముద్రమట్టం పెరుగుతోందనడానికి రుజువు ఎలా అవుతుందన్నది మీ మొదటి సందేహం. ఫోనుతో తీసిన ఫొటో నిజంగా ఎవరికైనా పనికొస్తుందా, పనికొస్తే ఎలా తీయాలి అన్నది రెండోది. మీ అత్తవారిది ఉప్పాడ కాబట్టి అక్కడ కూడా ఇలాంటిది చేయవచ్చా అని చివర్లో అడిగారు.

సూటిగా చెబుతాను. ఒక్క ఫొటో దేనికీ రుజువు కాదు. మీ అనుమానం సరైనదే. సముద్రమట్టం ఎంత పెరిగిందో చెప్పేవి టైడ్ గేజ్‌లు (ఒడ్డున నీటిమట్టాన్ని కొలిచే పరికరాలు), ఉపగ్రహాలు. ఫొటో చెప్పేది వేరే సంగతి: నీరు ఫలానా ఎత్తుకు చేరిన క్షణంలో మీ ఊళ్లో ఏ రోడ్డు మునిగింది, ఏ తూములోంచి నీరు వెనక్కి ఎగదన్నింది, ఏ కరకట్ట అంచుకు ఎంత దగ్గరగా వచ్చింది. ఆ సంగతి గేజ్‌కు తెలియదు. ఈ రెండూ కలిస్తేనే పని జరుగుతుంది. కాబట్టి తప్పకుండా వెళ్లండి. తీసిన చోటు, తీసిన నిమిషం మాత్రం స్పష్టంగా ఉండాలి. అవి లేని ఫొటో గోడకు తగిలించుకోవడానికి బాగుంటుంది, అంతే.

నేను ఈ బే ఏరియాలోనే ఒక నగరంలో వాననీటి కాలువల విభాగంలో ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఇలాంటి ఫొటోలు నా బల్ల మీదికి వచ్చేవి, ఇప్పుడు నేనే వెళ్లి తీస్తున్నాను. అందుకని రెండు వైపుల సంగతీ చెప్పగలను.

ముందు చంద్రుడి విషయం. అమావాస్యకు, పౌర్ణమికి సూర్యచంద్రులు ఒకే వరసలోకి వస్తారు కాబట్టి పోటు పెద్దదవుతుంది. ఇది మన తీరంలో చేపల వేటకు వెళ్లే ఎవరినడిగినా చెబుతారు. పోటును లేపే శక్తి దూరం తగ్గేకొద్దీ చాలా వేగంగా పెరుగుతుంది, దూరం ఘనానికి విలోమంగా. చంద్రుడు ఒక్కో నెల 3,57,000 కిలోమీటర్ల దాకా దగ్గరికి వస్తాడు, 4,06,000 కిలోమీటర్ల దాకా దూరం జరుగుతాడు. సూర్యుడి బలం చంద్రుడి బలంలో 46 శాతం దాకా ఉంటుంది. భూమి సూర్యుడికి అన్నిటికంటే దగ్గరగా ఉండేది జనవరి మొదటి వారంలో, అప్పుడు సూర్యుడి లాగుడు జూలైలో కంటే పది శాతం ఎక్కువ. ఈ దగ్గరతనాలన్నీ అమావాస్యతోనో పౌర్ణమితోనో కలిసి వచ్చిన రోజుల్లో లేచే పోటునే ఇక్కడ కింగ్ టైడ్ అంటున్నారు. కాలిఫోర్నియా తీరంలో చలికాలపు పెద్ద పోటు పగలు, సాధారణంగా ఉదయం పూట వస్తుంది. వేసవిలోనూ పెద్ద పోట్లు ఉంటాయి గానీ అవి రాత్రివేళ వచ్చిపోతాయి, ఎవరి కంటా పడవు. ఫొటోల కార్యక్రమాన్ని చలికాలంలో పెట్టుకోవడానికి ఇదొక కారణం.

అంటే కింగ్ టైడ్‌ను వాతావరణ మార్పు తీసుకురాలేదు. మీ ఇంటి ఎదుటివాళ్లు ఆ మాట అంటే ఒప్పుకోండి. పోటును ఒక మనిషి అనుకుంటే, మారింది అతని ఎత్తు కాదు, అతని కాళ్ల కింది పీట ఎత్తు, అంటే సముద్రమట్టం. పీట జానెడు లేస్తే అదే మనిషి తల అటకకు కొట్టుకుంటుంది.

ఆ పీట ఎంత లేచిందో చెప్పడానికి మన దగ్గర మంచి సాక్షి ఉంది. బే సముద్రంలో కలిసే చోటు గోల్డెన్ గేట్ దగ్గరి శాన్ ఫ్రాన్సిస్కో టైడ్ గేజ్ 1854 నుంచి ఆగకుండా లెక్క రాస్తోంది. అమెరికా ఖండాల్లో ఇంతకాలం ఎడతెగకుండా నడిచిన గేజ్ మరొకటి లేదు. 1906 భూకంపాన్ని కూడా దాటి వచ్చిన రికార్డు అది. దాని ప్రకారం ఇక్కడ గత వందేళ్లలో నీటిమట్టం దాదాపు 20 సెంటీమీటర్లు, అంటే 8 అంగుళాలు పెరిగింది. ప్రపంచ సగటు కూడా 1901 నుంచి 2018 మధ్య 20 సెంటీమీటర్లే. కానీ వేగం ఒకేలా లేదు: 1971కి ముందు ఏడాదికి 1.3 మిల్లీమీటర్లు ఉన్నది 2006-2018 మధ్య 3.7 మిల్లీమీటర్లకు చేరిందని అంతర్జాతీయ వాతావరణ మార్పుల సంఘం ఆరో నివేదిక చెప్పింది.

ఇప్పుడు ఈ ఫొటోలను ‘భవిష్యత్తు నమూనా’ అని ఎందుకు అంటారో చూడండి. శాన్ ఫ్రాన్సిస్కో గేజ్ దగ్గర రోజూ వచ్చే రెండు పోట్లలో పెద్దదాని సగటు ఎత్తు 5.84 అడుగులు. కింగ్ టైడ్ నాడు అది 7 అడుగుల చుట్టూ ఉంటుంది. తేడా ఒక అడుగు పైచిలుకు. కాలిఫోర్నియా రాష్ట్రం 2024లో విడుదల చేసిన మార్గదర్శకాల్లో 2050 నాటికి తీరమంతటా సగటున 0.8 అడుగుల పెరుగుదలకు సిద్ధం కమ్మన్నారు. అంటే ఈ రోజు ఏడాదికి కొన్నిసార్లు మాత్రమే కనిపించే నీటి అంచు, మీ అమ్మాయి ఉద్యోగం చేసే వయసుకు మామూలు రోజుల పోటు అంచుకు దగ్గరగా ఉంటుంది. ఆనాటి కింగ్ టైడ్ దాని మీద ఇంకో అడుగు ఎక్కుతుంది. జనం ఈ రెండో వాక్యాన్ని మర్చిపోతారు. ‘ఇంతేనా, పాదాలు తడిస్తే ఏమైంది’ అనేవాళ్లు మర్చిపోయేది దీన్నే.

ఫొటో అసలు విలువ గడప ఎత్తును పట్టివ్వడంలో ఉంది. దీన్ని కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే బళ్లలో, పత్రికల్లో దీన్ని సరిగా చెప్పరు.

నేను పనిచేసిన ఊళ్లో బే ఒడ్డుకు నాలుగైదు వీధుల ఇవతల ఒక మూల ఉండేది. ఆకాశం నిర్మలంగా ఉన్న చలికాలపు ఉదయాల్లో అక్కడ రోడ్డు మీద నీరు నిలిచేది. దుకాణదారులు ఫిర్యాదు చేసేవారు. మావాళ్లు మధ్యాహ్నం వెళ్లేసరికి పాటు (పోటు తీయడం) మొదలై నీరు లాగేసేది, రోడ్డు తడిగా మాత్రం ఉండేది. మంచినీటి పైపు ఎక్కడో కారుతోందని రాసి, పైపు బాగానే ఉందని తేల్చి, ఫిర్యాదు మూసేసేవారు. ఇలా కొన్నేళ్లు నడిచింది. ఒక చలికాలం, ఉదయం కుక్కను నడిపించుకు వెళ్లే ఒక పెద్దావిడ మూడు ఫొటోలు పంపింది. మొదటిదాంట్లో రోడ్డు పక్కన కాలువ జల్లెడ పొడిగా ఉంది, లోపల చీకట్లో నీరు మెరుస్తోంది. రెండోదాంట్లో నీరు జల్లెడ ఊచలదాకా లేచింది, ఎండుటాకులు, ఒక కాఫీ కప్పు మూత కిందినుంచి పైకి తేలి ఊచలకు అంటుకున్నాయి. మూడోదాంట్లో నీరు రోడ్డు మీదికి పరుచుకుని మంటలార్పే నీటి గొట్టం (ఫైర్ హైడ్రెంట్) అడుగు భాగాన్ని తాకింది. ప్రతి ఫొటోకూ ఫోను వేసిన సమయం ఉంది.

ఆకులు కిందినుంచి పైకి వచ్చాయంటే నీరు వీధిలోంచి కాలువలోకి పోవడం లేదు, కాలువలోంచి వీధిలోకి వస్తోంది. అటువైపు చివర బేలోకి తెరుచుకునే తూముకు ఒకవైపే తెరుచుకునే రేకు తలుపు ఉంటుంది. వాన నీరు బయటికి పోతుంది, పోటు నీరు లోపలికి రాకూడదు. పాటు వేళ వెళ్లి చూస్తే ఆ తలుపు కీలుకు గుల్లలు పట్టి, ఒక కర్రముక్క ఇరుక్కుని, మూడు వేళ్ల సందుతో తెరుచుకునే ఉంది. కాగితాల మీద మాత్రం ఆ తలుపు భేషుగ్గా పనిచేస్తోంది.

ఇక్కడితో కథ అయిపోతే అది మరమ్మతు కథ. అసలు ఉపయోగం తరవాత వచ్చింది. రెండో ఫొటో తీసిన నిమిషానికి దగ్గరి గేజ్ ఎంత చూపిందో తీశాం. అదే ఆ మూల గడప ఎత్తు: గేజ్ ఆ అంకె దాటితే అక్కడ నీరు వస్తుంది. గేజ్‌కు దశాబ్దాల రికార్డు ఉంది. ఆ అంకెను ఏ ఏడాది ఎన్ని గంటలు దాటిందో లెక్కపెట్టడం ఒక పూట పని. వెనకటి దశాబ్దాల్లో ఎప్పుడో ఒకసారి దాటేది, ఇటీవల ప్రతి చలికాలమూ దాటుతోంది. అదే అంకెలోంచి అర అడుగు తీసేసి మళ్లీ లెక్కపెడితే ముందు ముందు ఎలా ఉంటుందో వస్తుంది. గంటలు రెట్టింపు కావడం కాదు, ఎన్నో రెట్లు అవుతాయి. పోటు ఎత్తులు మధ్యలో గుమిగూడి, పైఅంచున పలచగా ఉంటాయి కాబట్టి, గీతను కాస్త కిందికి దించితే దాని పైకి వచ్చే రోజులు ఒక్కసారిగా పెరుగుతాయి. ఆ కాగితంతో బడ్జెట్ సమావేశానికి వెళితే రేకు తలుపు స్థానంలో రబ్బరు వాల్వుకు డబ్బు మంజూరైంది. అంతకుముందు ఎన్ని నివేదికలు రాసినా రాలేదు.

ఆ పెద్దావిడ ఫొటోలు అందంగా ఏమీ లేవు. ఒకదాంట్లో ఆవిడ కుక్క తోక కూడా పడింది.

కంప్యూటర్ వరద మ్యాపులకూ ఇవే ఫొటోలు పరీక్ష పెడతాయి. విమానం నుంచి లేజరుతో నేల ఎత్తులు కొలిచి, నీటిమట్టం ఇంత పెరిగితే ఇంతవరకు మునుగుతుందని మ్యాపు గీస్తారు. ఆ లేజరుకు రోడ్డు కింది తూము కనబడదు, కరకట్టలో నాలుగడుగుల వెడల్పు పల్లం ఒక్కోసారి కనబడదు. మ్యాపు పొడి అన్న చోట మీ ఫొటోలో నీరుంటే, లేదా మునుగుతుందన్న చోట నేల పొడిగా ఉంటే, రెండూ విలువైనవే. నీరు రాని చోటు ఫొటో కూడా పంపండి. దాన్ని ఎవరూ పంపరు, అందుకే ఎక్కువగా అడుగుతారు.

ఈ పద్ధతి 2009 జనవరిలో ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో మొదలై, కొద్దికాలానికే ఉత్తర అమెరికా పశ్చిమ తీరానికి వచ్చింది. కాలిఫోర్నియాలో దీన్ని నడిపేది రాష్ట్ర కోస్టల్ కమిషన్. వర్జీనియా రాష్ట్రంలో 2017 నుంచి నడుస్తున్న ‘క్యాచ్ ద కింగ్’ ఇంకో అడుగు ముందుకు వేసింది. అక్కడ జనం ఫొటోతో ఆగకుండా నీటి అంచు వెంబడి నడుస్తూ, కొన్ని అడుగులకోసారి ఫోనులో స్థానం నమోదు చేస్తారు. వీధి స్థాయి వరద నమూనా గీసిన గీతను, జనం నడిచిన గీతను పక్కపక్కన పెట్టి చూస్తారు. నా మటుకు అది ఫొటోల కంటే మెరుగైన పద్ధతి, కానీ చిన్నపిల్లలతో చేయడం కష్టం.

ఇక ఎలా మోసపోతామో చెబుతాను. ప్రతి చలికాలం సామాజిక మాధ్యమాల్లో తిరిగే ఫొటోల్లో చాలా వాటికి పోటుతో సంబంధమే ఉండదు.

రాత్రి కురిసిన వాన నీరు పొద్దున పల్లంలో నిలిచి ఉంటుంది. అది పోటు నీరా కాదా తేల్చాలంటే పావుగంట ఆగి రెండో ఫొటో తీయండి. పోటు నీటి అంచు కదులుతుంది, గుంట నీరు కదలదు. ఒడ్డున చెత్త గీత చూడండి: పోటు తెచ్చిన గడ్డిపరకలు, నురుగు, ప్లాస్టిక్ ముక్కలు ఒక వరసలో పేరుకుని ఉంటాయి.

సముద్రం వైపున, పసిఫికాలోనో హాఫ్ మూన్ బేలోనో, గోడ మీదుగా ఎగిరిపడే అల చూడటానికి భయంకరంగా ఉంటుంది. అది అల ఎత్తు, నీటిమట్టం కాదు. ఎక్కడో దూరాన లేచిన తుపాను అల మామూలు పోటు నాడు కూడా అలాగే ఎగురుతుంది. మట్టం తెలియాలంటే అలలు తక్కువగా ఉండే చోటు కావాలి. బే లోపలి ఒడ్డు అందుకు మేలు, ఆ విధంగా మీరు ఫ్రీమాంట్‌లో ఉండటం కలిసొచ్చింది.

మూడోది వాతావరణం. గాలి పీడనం ఒక మిల్లీబార్ తగ్గితే సముద్రం దాదాపు ఒక సెంటీమీటరు లేస్తుంది. తుపాను గాలి నీటిని ఒడ్డుకు నెడుతుంది. ఎల్ నినో ఏడాదుల్లో, 1982-83, 1997-98 చలికాలాల్లో లాగా, ఈ తీరమంతా నెలల తరబడి 20 సెంటీమీటర్ల చుట్టూ ఎత్తుగా ఉండవచ్చు. పోటు పట్టికలో ఉండేది సూర్యచంద్రుల లెక్క మాత్రమే, ఇవేవీ అందులో ఉండవు. అందుకే అంచనా కాదు, ఆ నిమిషంలో గేజ్ నిజంగా కొలిచిన మట్టం చూడాలి. అమెరికా సముద్ర వాతావరణ సంస్థ నోవా వెబ్‌సైటులో ప్రతి గేజ్‌కూ ఆరు నిమిషాలకోసారి అంకె ఉంటుంది. అంచనా 6.9 ఉండి కొలత 7.5 వచ్చిందనుకోండి, ఆ 0.6 అడుగులు వాతావరణం, రుతువు, సముద్రపు వేడి కలిసి తెచ్చినవి. ఆ రోజు ఫొటోను, అంచనాకు సరిపోయిన వేరే ఏడాది ఫొటోను పక్కన పెట్టి ‘చూడండి ఎంత పెరిగిందో’ అంటే అబద్ధం చెప్పినట్టే.

నాలుగోది చంద్రుడిదే. అతని కక్ష్య వాలు 18.6 ఏళ్లకోసారి ఊగుతుంది, దాంతో కొన్నేళ్లు పెద్ద పోట్లు కాస్త ఎక్కువగా, కొన్నేళ్లు కాస్త తక్కువగా వస్తాయి. రెండు మూడేళ్ల ఫొటోలు చూసి ధోరణి తేల్చడానికి ఇందుకే వీల్లేదు. 2030ల మధ్యలో ఈ ఊగిసలాట పెరుగుదలతో కలిసి అమెరికా తీరాల్లో పోటు వరదలను ఒక్కసారిగా పెంచుతుందని 2021లో ఒక పరిశోధన వచ్చింది. మీ అమ్మాయి అప్పటికి కాలేజీ దాటి ఉంటుంది. ఇప్పుడు తీసిన ఫొటోలకు అప్పుడు గిరాకీ.

మీ సంగతికి వస్తాను. ఫ్రీమాంట్ దగ్గర కొయోటీ హిల్స్ పార్కు ఒకటి, ఎదురొడ్డున పాలో ఆల్టో బేలాండ్స్ ఒకటి, దక్షిణాన అల్విసో ఒకటి: మూడూ నడకదారి ఉన్న చోట్లే. వార్తల్లో చెప్పే పోటు వేళ సాధారణంగా గోల్డెన్ గేట్‌ది. దక్షిణపు అంచుకు అదే పోటు గంట అటూఇటుగా ఆలస్యంగా వస్తుంది, పైగా ఎత్తు పెరుగుతుంది, ఎందుకంటే బే అటువైపు ఇరుకై నీరు చివరి ఒడ్డుకు తగిలి వెనుదిరుగుతుంది. గోల్డెన్ గేట్ వేళకు అల్విసో వెళ్లి ‘ఏమీ లేదే’ అని తిరిగొచ్చినవాళ్లను ఎందరినో చూశాను. మీకు దగ్గరి గేజ్ రెడ్‌వుడ్ సిటీది, అక్కడి వేళ చూసుకుని అరగంట ముందే చేరండి.

తీసేటప్పుడు ఫొటోలో కదలని వస్తువు ఉండాలి: మెట్లు, రేవు స్తంభం, బల్ల, సూచన బోర్డు, గోడ రాయి. నీళ్లూ ఆకాశమూ మాత్రమే ఉన్న ఫొటో నుంచి ఎవరూ ఏమీ కొలవలేరు. స్తంభం పైతల నుంచి నీటి దాకా ఎంత దిగువన ఉందో టేపుతో కొలిచి రాసుకోగలిగితే ఇంకా మంచిది. పిల్లలకు ఈ పని చాలా నచ్చుతుంది. ఫోనులో లొకేషన్ ఆన్ చేసి ఉంచండి. వాట్సాప్‌లో పంపి, అక్కడి నుంచి దింపుకున్న ఫొటోలో ఆ వివరాలు చెరిగిపోతాయి కాబట్టి అసలు ఫైలునే ఎక్కించండి. నిలబడ్డ చోటు గుర్తుండేలా పక్కకు తిరిగి ఇంకో ఫొటో తీసుకోండి. ఫిల్టర్లు, కత్తిరింపులు వద్దు. వేరేవాళ్ల ముఖాలు పడకుండా చూడండి.

తరవాత ఒక మామూలు రోజు, మామూలు పోటు వేళ, అదే చోట నిలబడి అదే ఫొటో తీయండి. ఈ జంట లేకపోతే కొత్తగా చూసేవాడికి అక్కడ నీరు రోజూ ఉండే చోటే అనిపిస్తుంది. సిడ్నీలోని మాన్లీ బీచ్‌లో 2017లో మొదలైన కోస్ట్‌స్నాప్ పద్ధతిలో ఫోను పెట్టడానికి ఒక స్టాండు బిగించేశారు. ఎవరు వచ్చి తీసినా ఒకే కోణం వస్తుంది. మీ బడివాళ్లు పార్కు అనుమతితో అలాంటిది పెట్టించుకోగలిగితే పదేళ్లలో అది ఆ బడికి ఆస్తి.

ఒక జాగ్రత్త. బేలాండ్స్‌లో ఉప్పు చిత్తడి గడ్డిలో రిడ్జ్‌వేస్ రెయిల్ అనే పక్షి ఉంటుంది, పొడుగు ముక్కుతో కోడిపెట్టంత. అంతరించిపోతున్న జాబితాలో ఉన్నది. మామూలుగా గడ్డిలోంచి బయటికి రాదు. కింగ్ టైడ్ వేళ గడ్డంతా మునిగి, నీటిపైకి మిగిలిన పొదల కొనల్లో దాక్కుంటుంది, డేగలు, కొంగలు అప్పుడే కాచుకుని ఉంటాయి. ఫొటో కోసం దారి దిగి పొదల వైపు వెళితే అది బెదిరి బయటపడుతుంది, ప్రాణం పోతుంది. దారి మీదే ఉండండి. సముద్రం వైపు వెళితే మాత్రం నీళ్లకు వీపు పెట్టి నిలబడవద్దు. ఈ తీరంలో చెప్పకుండా వచ్చే పెద్ద అలలు ప్రతి చలికాలం మనుషులను లాక్కుపోతున్నాయి.

ఫొటోలో నీరు ఏటేటా పైకి వస్తున్నట్టు కనిపించడానికి ఇంకో కారణం కూడా ఉంటుంది, దాన్ని ఇక్కడ తీసిపారేయలేం: నేల దిగడం. అల్విసో చుట్టుపక్కల నేల, గత శతాబ్దంలో శాంటా క్లారా లోయలో బోర్లతో నీరు తోడేయడం వల్ల, కొన్ని అడుగులు కుంగింది. తరవాత తోడటం తగ్గించి ఆపగలిగారు, కానీ కుంగిన నేల మళ్లీ లేవలేదు. అందుకే ఆ ఊరు కరకట్ట వెనకాల గిన్నెలో ఉన్నట్టు ఉంటుంది. మట్టి పోసి కట్టిన ఫాస్టర్ సిటీ, శాన్ రాఫెల్‌లో కొన్ని భాగాలు ఇప్పటికీ ఏడాదికి సెంటీమీటరుకు పైగా దిగుతున్నాయని నాసా శాస్త్రవేత్తలు ఉపగ్రహ కొలతలతో 2025లో చెప్పారు. అక్కడ నివాసముండే మనిషికి సముద్రం పెరిగినా నేల దిగినా ఫలితం ఒకటే, కానీ పరిష్కారం వేరు. మీ అమ్మాయి ఫొటో కింద ‘సముద్రమట్టం పెరిగింది’ అని కాక ‘గేజ్ ఇంత చూపినప్పుడు నీరు ఇక్కడిదాకా వచ్చింది’ అని రాయమనండి. ఆ వాక్యం ఎప్పటికీ తప్పు కాదు.

ఇక ఉప్పాడ. చేయవచ్చు, చేయాలి కూడా, అయితే ఇక్కడి పద్ధతిని అలాగే పట్టుకెళితే కుదరదు.

మన తూర్పు తీరంలో సముద్రమట్టం రుతువును బట్టి బాగా మారుతుంది. విశాఖ గేజ్ లెక్కల్లో, 1937 నుంచి ఉన్న రికార్డు అది, అక్టోబరు-నవంబరులో మట్టం ఎత్తుగా, ఫిబ్రవరి-మార్చిలో తక్కువగా ఉంటుంది. తీరం వెంబడి ప్రవాహాల దిశ మారడం, వానలకు నదుల నీరు వచ్చి కలవడం కారణాలు. కాబట్టి జనవరి కోసం చూడక్కర్లేదు. దసరా వెళ్లాక వచ్చే అమావాస్య, పౌర్ణమి చూసుకోండి. అక్కడ పెద్ద పోటు సరిగ్గా ఆ తిథి నాడు కాక ఒకటి రెండు రోజులు ఆలస్యంగా, పాడ్యమికో విదియకో వస్తుంది. మత్స్యకారులు వేళతో సహా చెబుతారు, వాళ్లనే అడగండి. సర్వే ఆఫ్ ఇండియా ఏటా పోటు పట్టికలు వేస్తుంది. హైదరాబాదులోని జాతీయ సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ పోటు వేళలతో పాటు పెద్ద అలల హెచ్చరికలు కూడా ఇస్తుంది. ఆ హెచ్చరిక ఉన్న రోజు తీసిన ఫొటో మీద ఆ మాట రాసి పెట్టండి. హిందూ మహాసముద్రం దక్షిణాన లేచిన అలలు ఎండ కాస్తున్న రోజున కూడా మన తీరాన్ని ముంచగలవు, దాన్ని పోటు ఖాతాలో వేయకూడదు.

పెద్ద చిక్కు ఏమిటంటే ఉప్పాడలో ఇళ్లు పోయింది ప్రధానంగా కోత వల్ల. గోదావరి ఆనకట్టల దగ్గర ఒండ్రు ఆగిపోవడం, కాకినాడ దగ్గర హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బ, రేవు కట్టడాలు కలిసి తీరం వెంబడి ఉత్తరానికి సాగే ఇసుకను ఆపడం, తుపాన్లు, వీటన్నిటి మీద సముద్రమట్టం. వీటిలో ఏది ఎంత అన్నది ఫొటో తేల్చదు. కాకినాడ-ఉప్పాడ బీచ్ రోడ్డు మీద అల విరిగిపడే ఫొటోలు వార్తాపత్రికల్లో ఎన్నో ఉన్నాయి. అవి కోతకూ అలలకూ సాక్ష్యం, మట్టానికి కాదు.

మట్టం కావాలంటే ఒడ్డు వదిలి లోపలికి రండి. పోటు ఉప్పుటేరులోకి ఎక్కే చోటు, పడవలు కట్టే మెట్లు, వంతెన స్తంభం, రొయ్యల చెరువు గట్టు తూము, ఇలా అలలు లేని చోటు ఒకటి ఎంచుకోండి. కేరళలో ఎర్నాకుళం జిల్లా పల్లెల్లో ఇళ్లవాళ్లే పోటు నీరు వాకిట్లోకి వచ్చిన తేదీ, ఎత్తు క్యాలెండర్‌లో రాస్తున్నారు. ఫొటో కంటే అది తేలిక, ఫోను లేని అవ్వ కూడా చేయగలదు. మీ అత్తగారి వీధిలో వంతెన స్తంభం ఉంటే దాని మీద అడుగులు, అంగుళాలు పెయింటుతో గీయించమని పంచాయతీని అడగండి. గీసిన రోజునే దాని సున్నా ఎక్కడుందో ఒక ఫొటో తీసి, దగ్గరలో ఉన్న చెరగని గుర్తుకు, గుడి మెట్టుకో వంతెన రాతికో, ఎంత కిందికి ఉందో కొలిచి రాసిపెట్టమనండి. స్తంభం మీది రంగు రెండు వానలకు పోతుంది, ఆ కొలత ఉంటే మళ్లీ అదే ఎత్తున గీసుకోవచ్చు.